గోడెక్కని నాయన

పోయిన వారం పెనుకొండ నుంచి మా ఇంటికి ఒక ఫొటో వచ్చింది. పాత దినపత్రికలో చుట్టి పురికొసతో కట్టిన ఆ పొట్లం విప్పకముందే దాని వాసన హాల్లోకి వచ్చి కూర్చుంది. మిరపకాయ బజ్జీలు వేగిన నూనె, కాఫీ డికాక్షను, ఊదుకడ్డీల పొగ, వానాకాలపు గోడల చెమ్మ, ఇవన్నీ ఏళ్ళ తరబడి ఒకదాని మీద ఒకటి పొరలుగా పట్టి, చెక్క ఫ్రేములోకి ఇంకిపోయి, ఇక ఎవరు తుడిచినా పోయేది లేదని తీర్మానించుకున్న వాసన అది. అద్దం వెనక మా నాయన ఉన్నాడు. నలభై దాటిన వయసు, తెల్ల బనీను, తెల్ల నిక్కరు, ఛాతీకి అడ్డంగా కర్ర బ్యాటు. వెనక స్టూడియో తెర మీద మంచు కొండలు, పడవ, పెద్ద సరస్సు. హిందూపురం మనిషి అన్ని నీళ్ళు ఒక్కచోట చూడడం ఆ రోజుల్లో ఆ తెర మీదే సాధ్యం.

ఎనభై దాటిన నాయన కళ్ళజోడు సర్దుకుని ఆ ఫొటోను చాలాసేపు చూశాడు. "జుట్టు బాగుండాది," అని, మళ్ళీ తన ఫోనులోకి వెళ్ళిపోయాడు.

నేను మాత్రం ముందుగా మా హాలు గోడల వైపు చూశాను, ఖాళీ మేకు ఏదైనా ఉందేమోనని. ఉంటే పీకేద్దామని. నాలుగో తరగతిలో పట్టుకున్న భయం డిగ్రీ పట్టా చూపిస్తే వదిలిపోదు.

మా నాయన సత్తెప్పకు హిందూపురంలో చింతపండు మండీ ఉండేది. శివరాత్రి దాటిందంటే ఊరంతా పులుపు వాసనే. పల్లెల నుంచి బండ్లలో దిగే కాయ, గోనెపట్టాల మీద వరసగా కూర్చుని గింజలు కొట్టే ఆడవాళ్ళు, తెలుగులో మొదలై కన్నడంలో ముగిసే వాళ్ళ తగాదాలు, తూకం రాళ్ళ చప్పుడు, పైనుంచి రేకుల కప్పు కురిపించే వేడి. ఎండ వాలగానే నాయన చేతులు కడుక్కుని, గోడకు తగిలించిన బ్యాటు తీసుకుని బాల్ బ్యాడ్మింటన్ కోర్టుకు పోయేవాడు. ఎంత కడిగినా ఆ పులుపు ఆయన అరచేతుల్ని వదిలేది కాదు. అందుకే ఆయన బ్యాటు పిడి వాసన చూస్తే నాకు నోట్లో నీళ్ళూరేవి. ఆటల మీద నాకున్న ఆసక్తి మొదట్లో అంతవరకే.

బాల్ బ్యాడ్మింటన్ అంటే ఈ కాలం పిల్లలకు చెప్పాల్సి వస్తోంది. పసుప్పచ్చ ఉన్ని బంతి, నరాలు బిగించిన కర్ర బ్యాటు, నెట్టుకు అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. బంతి నేలను తాకకూడదు. అంతే ఆట. తక్కినదంతా అరుపులు. మా జట్టులో నాయనది మధ్య స్థానం. ఆయన కొట్టే కట్‌కు చుట్టుపక్కల పేరుండేది, బంతి నెట్టు దాటేవరకు బుద్ధిగా వచ్చి, దాటగానే మనసు మార్చుకున్నదానిలా పక్కకు ఒరిగిపోయేది. దానికన్నా ఎక్కువ పేరున్నది ఆయన కేకకు. బంతి తన నెత్తిమీదికి వస్తున్నా సరే, తల పైకెత్తి, "నీదే!" అని అరిచేవాడు. ఆ కేక విని వెనక నుంచి పరిగెత్తుకొచ్చే మనిషి గోవిందప్ప మామ. మాకు చుట్టం కాదు, పక్క మండీ ఆయన. అయినా ఆయనా నాయనా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు, బావలకు ఉండాల్సినంత వెటకారమూ ఉండేది.

వేసవి సెలవుల్లో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం జట్ల మధ్య పోటీ జరిగేది. మూడూళ్ళూ ఒకే రైలుదారి మీద ఉన్నాయి, పెనుకొండ మధ్యలో ఉంది కనుక ఆటలు అక్కడే. మూటలో మా అవ్వ, అంటే నాయన తల్లి, కట్టిచ్చిన చిత్రాన్నం, ఊరుబిండి పచ్చడి, వేయించిన చెనక్కాయలు, తువ్వాలులో చుట్టిన బ్యాట్లు, కిటికీలోంచి కళ్ళలో పడే బొగ్గునలుసు, దూరం నుంచే మొదలై ఎంతకీ దగ్గరికి రాని పెనుకొండ కొండ. ఫైనలు ఎండెక్కకముందే అయిపోయేది. కప్పు ఎవరు తీసుకుపోయారన్నది అప్పుడే మరిచిపోయేవాళ్ళు. ఎందుకంటే అసలు పోటీ ఆ తరవాత, హోటలు శీనప్ప దగ్గర ఉండేది.

శీనప్ప హోటలు అంటే నాలుగు బల్లలు, ఒక పొయ్యి, ఒక గోడ. నానబెట్టిన బొరుగుల్లో ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, పుట్నాల పొడి వేసి ఆయన కలిపే ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీ, దాని కోసం రైలు వదులుకున్నవాళ్ళు ఉన్నారు. ఆ గోడ మీద పైవరసలో వేంకటేశ్వరుడు, లక్ష్మి, కదిరి నరసింహస్వామి. కిందివరసలో బ్యాట్లు పట్టుకున్న ముగ్గురు మనుషులు. మూడూళ్ళ ఆటగాళ్ళలో ఆట మానేసిన గొప్పవాళ్ళు వాళ్ళు. శీనప్ప పొద్దున్నే పూజ చేసేటప్పుడు పైవరసకూ కిందివరసకూ తేడా చూపించేవాడు కాదు. అందరికీ అదే ఊదుకడ్డీ, అద్దం మీద అదే కుంకుమ బొట్టు, అవే కనకాంబరాలు.

నాలుగో ఫొటో ఎవరిదన్నదే ప్రతి ఏటా వాదన. దానికో పద్ధతి ఉండేది. ఆటగాడి సొంతూరివాళ్ళు ఆయన్ని పొగడకూడదు, తప్పులు మాత్రమే చెప్పాలి. పొగడాల్సింది ఆయన చేతిలో ఓడినవాళ్ళు. పెళ్ళిసంబంధాల్లో జరిగేదానికి సరిగ్గా తలకిందులన్నమాట. అందరూ మాట్లాడాక శీనప్ప ఊరికో కాఫీ ఇచ్చేవాడు. తాగాక గ్లాసు నిలబెడితే సరేనని, బోర్లిస్తే వద్దని. ఒక్క గ్లాసు బోర్లపడినా ఫొటో గోడెక్కదు.

ఆ వాదనలు ఎంతకూ తెగేవి కావు. ఒకే ఒక్క వేసవి అద్భుతంగా ఆడి మాయమైనవాడు గొప్పా, ఇరవై ఏళ్ళు ఓ మాదిరిగా ఆడినవాడు గొప్పా? ఎవరికీ కనబడకుండా తడి తువ్వాలుకు బంతిని రుద్ది బరువెక్కించేవాడని చెప్పుకున్న ధర్మవరం ఆయన్ని లెక్కలోకి తీసుకోవచ్చా, లేక తడి ఆరాక తీసుకోవాలా? అంపైరు మీదికి బ్యాటు విసిరిన మనిషి బ్యాటు ఫొటోలో ఉండవచ్చా? మండీలు, మగ్గాలు, మెట్టచేలు వదిలి వచ్చిన పెద్దమనుషులు చెమటలు తుడుచుకుంటూ ఈ ప్రశ్నల మీద చూపించిన శ్రద్ధ, వాళ్ళ పిల్లల చదువుల మీద చూపించి ఉంటే మా తరం కథ వేరుగా ఉండేది.

ఇదంతా నాకు వినోదంగానే ఉండేది, ఆ కిందివరస గురించి మా అవ్వ చెప్పేవరకు. గోడ మీది ముగ్గురిలో ఇద్దరు చనిపోయాకే గోడెక్కారు. మూడో ఆయన బతికుండగా ఎక్కి, మరుసటి వేసవి లోపల పోయాడు. ఆయనకు అప్పటికే ఎనభై దాటాయనీ, ఉబ్బసమనీ అవ్వ పట్టించుకోలేదు. బతికిన మనిషి ఫొటోకు బొట్టు పెట్టి, పూలు వేసి, పొగ చూపిస్తే యముడికి మాత్రం అనుమానం రాదా అన్నది ఆమె వాదం.

"గోడెక్కినోడు పాడెక్కుతాడు, మే. రాసిపెట్టుకో," అంది చింతగింజలు ఏరుతూ. మా వైపు ఆడపిల్లల్ని మే అనే పిలుస్తారు.

నేను మనసులో రాసిపెట్టుకున్నాను.

ఆ ఏడాదే నాయన మోకాలు వాచింది. కోర్టుకు పోవడం మానేసి, మండీలో కూర్చుని కొబ్బరినూనె రాసుకుంటూ తన పాత ఆటల గురించి చెప్పడం మొదలుపెట్టాడు. వేసవి దగ్గరపడేసరికి ధర్మవరంవాళ్ళు ఆయన పేరు ఎత్తబోతున్నారని కబురొచ్చింది. మరునాడు నాయన క్షవరం చేయించుకున్నాడు. ఆ మరునాడు స్టూడియోకు వెళ్ళి సరస్సు ముందు నిలబడ్డాడు. వారం తిరక్కుండా ఫ్రేము కట్టించుకుని ఇంటికి తెచ్చి, అద్దం మీద పడిన వేలిముద్రను పంచెకొంగుతో తుడిచాడు. ఆయన అంత సంతోషంగా ఉండడం నేను అంతకుముందు చూడలేదు. అవ్వా నేనూ అంత భయపడడం కూడా అదే మొదలు.

మా ఊరి తరఫున తప్పులు చెప్పాల్సింది గోవిందప్ప మామ. అవ్వ ఆయన్ని పెరట్లోకి పిలిపించింది.

"గోవిందూ, నోరు దాచుకోవద్దు. నా కొడుకు తప్పులు నీకు తక్కువైతే నన్నడుగు. చిన్నప్పుడు గుళ్ళో టెంకాయచిప్ప ఎత్తుకొచ్చినాడు. పెండ్లయిన కొత్తలో…"

"అత్తా, అవి బాల్ బ్యాడ్మింటన్‌కు పనికిరావు."

"అన్నీ కలిపి చెప్పు. ఎట్లయినా వాణ్ణి ఆ గోడ ఎక్కనియ్యగూడదు."

మామ తల గోక్కున్నాడు. మాట ఇవ్వలేదు. అవ్వ మాత్రం నెయ్యి ఎక్కువేసి ఓళిగలు, అవే బొబ్బట్లు, చేసి, ప్రయాణం రోజు డబ్బా నాయన చేతికి కాకుండా మామ చేతికి ఇచ్చింది.

ఆ మధ్యాహ్నం శీనప్ప హోటలులో నా ముందు ఉగ్గాని ప్లేటు పెట్టారు. నేను ముట్టలేదు. నాయన బల్ల చివర, మోకాలు చాపుకుని, ఫ్రేమును ఒళ్ళో బోర్లించుకుని, ఎక్కడో చూస్తున్నట్టు కూర్చున్నాడు. ధర్మవరం తరఫున నాగభూషణం లేచాడు. ఆయనది మగ్గాల ఇల్లు. చీరంచు చూపిస్తున్నట్టు వేళ్ళతో గాలిని నిమురుతూ మాట్లాడతాడు.

"ఆ కట్ సంగతి నన్నడగండప్పా, తిన్నోణ్ణి నేను. నెట్టు దాటేదంక బాల్ మనదే అనిపిస్తాది. నేను బ్యాటు ఆడ పెడితే అది ఈడుంటాది. ఈడ పెడితే ఆడుంటాది. మగ్గంలో కూచున్నా అదే కండ్ల ముందర. ఆ బాల్ తలుచుకుంటా ఒకసారి అంచు తప్పు నేసినా. ఆ చీర ఇంగా మా ఇంట్లోనే ఉండాది, మా ఇంటామె తిట్టుకుంటా కట్టుకుంటాది."

అందరూ నవ్వారు. శీనప్ప పొయ్యి దగ్గర నుంచే తలూపాడు. నా కళ్ళు గోవిందప్ప మామ మీద ఉన్నాయి. ఆయన లేచి, గొంతు సవరించుకున్నాడు.

"మా సత్తెప్ప బావ పరిగెత్తడు. ఆయన పరిగెత్తంగా చూసినోళ్ళు ఈడెవురన్నా ఉంటే చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యి లేవలేదు. నాయన కూడా ఆలోచించి, ఎత్తలేదు.

"బాల్ నెత్తిన పడతాండినా నీదే అంటాడు. ఆయన నీదే అన్నవన్నీ నేనే పరిగెత్తి ఎత్తినా. మోకాలు అరిగింది మాత్రం ఆయనదంట! అరగాల్సింది నాది గదప్పా?"

హోటలు దద్దరిల్లింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ప్లేటు దగ్గరికి లాక్కున్నాను కూడా. అంతలో నాగభూషణం మళ్ళీ లేచాడు.

"నిలబడినచోటే పనయ్యేటోడు యాల పరిగెత్తల్ల? ఎవురికి యా బాల్ వదలల్లో తెలిసినోడు గనకనే నీదే అన్నాడు. దాన్ని మీ ఊర్లో సోమరితనం అంటారేమో, మా ఊర్లో కెప్టెన్‌తనం అంటారు."

ఆ మాటతో మామ చెప్పిన తప్పులన్నీ ఒప్పులై నిలబడ్డాయి. మామ తెచ్చిన ప్రతి లోపాన్నీ నాగభూషణం అందుకుని, మడతలు విప్పి, జరీ చూపించి, తిరిగి పెట్టాడు. నాయన ముఖం వెలుగుతోంది. శీనప్ప అప్పటికే మేకు ఎక్కడ కొట్టాలా అని గోడను వేలితో తడుముతున్నాడు, మూడో ఆయన పక్కన. ఉగ్గాని చల్లారిపోయింది.

కాఫీలు వచ్చాయి. నాగభూషణం గటగటా తాగి గ్లాసు నిలబెట్టాడు. పెనుకొండ తరఫున శీనప్ప తాగి నిలబెట్టాడు. గోవిందప్ప మామ ఊదుకుంటూ, చప్పరిస్తూ, ఆ కాఫీని ఎంత నెమ్మదిగా తాగాడంటే, అన్ని బంతుల వెనక పరిగెత్తింది ఈయనేనా అనిపించింది. ఆఖరి గుక్క అయింది. నాయన వైపు చూశాడు. నాయన మోకాలి వైపు చూశాడు. గ్లాసు బోర్లించాడు.

గ్లాసు కింద నుంచి సన్నటి కాఫీ చార ఒకటి బల్ల మీద నా వైపు పాకింది. అంత అందమైన దృశ్యం నేను ఇప్పటివరకు మళ్ళీ చూడలేదు. చల్లారిన ఉగ్గాని తిని, ఇంకో ప్లేటు అడిగాను.

నాయన, "సరే, రైలు టైమయితాంది," అన్నాడు. ఒళ్ళోని ఫ్రేమును బల్ల మీద పెట్టి లేచాడు గానీ, తిరిగి తీసుకోవడానికి ఆయన చెయ్యి రాలేదు. "ఈడే ఉండనీ సత్తెన్నా, మళ్ళొచ్చే ఏడు చూస్తాం," అని శీనప్ప దాన్ని తీసుకుని హోటలు మూలనున్న బీరువా వెనక, ముఖం గోడకు తిప్పి పెట్టాడు.

రైలెక్కాం. కొండ వెనకబడ్డాక నాయన అడిగాడు.

"యాల బోర్లిస్తివి బావా?"

మామ చెనక్కాయ పొట్టు కిటికీలోంచి ఊదాడు. "ఆ గోడ మీద బ్యాటు పట్టుకున్నోళ్ళుండారే, ఒకడన్నా ఆడతాండాడా?"

"సచ్చినోళ్ళు యాడ ఆడతారప్పా?"

"ఆఁ. నువ్వేమో మోకాలు నొప్పని నాలుగు నెలలు కూచుంటివి, ఇంతలోకే ఫ్రేము కట్టిచ్చుకుంటివి. అన్ని బాల్లూ నా మీద పారేసినావు, ఎత్తినా. ఇప్పుడు నీ ఆట గూడా 'నీదే' అని నా మీద పారేసి గోడెక్కల్ల అంటే, నేనెత్తను పో."

నాయన కిటికీ బయటికి చూశాడు. బీళ్ళు, గుండ్రాళ్ళ గుట్టలు, వాటి మధ్య ఇంటిదారి పట్టిన గొర్రెల మంద. తరవాత డబ్బా వైపు చూశాడు.

"ఆ ఓళిగలు యాడివి?"

"మీ అమ్మ ఇచ్చింది."

"నీకా? యాల?"

"సుమ్నే," అన్నాడు మామ. కన్నడంలో ఆ మాటకు ఊరికే అని అర్థం. మా వైపు చెప్పకూడని కారణాలన్నిటికీ అదే మాట. నాయన ఒక ఓళిగ తీసుకుని, సగం తుంచి నాకిచ్చాడు.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాం. అవ్వ వాకిట్లో నిలబడి నాయన చేతుల వైపు చూసింది. చేతుల్లో ఫొటో లేదు. ఆమె అక్కడికక్కడే గడప మీద కూలబడి, "అయ్యో నా కొడకా, ఎక్కిచ్చిరా!" అని గొంతెత్తింది. పక్కిళ్ళ వాళ్ళు బయటికి వచ్చేశారు. నాయనకు ఏమీ అర్థం కాలేదు. నేను పరిగెత్తి, "ఎక్కలేదవ్వా! బీరువా వెనకుండాది!" అని అరిచాను. అవ్వ ఏడుపు మధ్యలోనే ఆపేసి, కొంగు దులుపుకుని లేచి, ఉప్పూ మిరపకాయలూ తెచ్చి నాయనకు దిష్టి తీసింది. ఓడిపోయి వచ్చినందుకు ఓదారుస్తోందనుకుని ఆయన బుద్ధిగా నిలబడ్డాడు. మిరపకాయల ఘాటుకు ఇంటిల్లిపాదీ దగ్గుతుంటే, నేను మాత్రం హాయిగా పీల్చుకున్నాను.

మరుసటి వారం గోవిందప్ప మామ తెల్లవారకుండానే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. నాయన మోకాలికి గుడ్డ చుట్టుకుని బ్యాటు తీసుకున్నాడు. ఇంకా చాలా వేసవులు ఆడాడు, పరిగెత్తకుండానే. ప్రతి ఏటా ధర్మవరంవాళ్ళు ఆయన పేరు ఎత్తడం, ప్రతి ఏటా మామ గ్లాసు బోర్లించడం, ఆఖరికి అది వాదన కాకుండా ఆచారమైపోయింది. ఏ ఏటికాయేడు నేను బతికిపోయేదాన్ని.

తరవాత ఒక్కొక్కటిగా పోయాయి. అవ్వ పోయింది, ఏ గోడా ఎక్కకుండానే, నిద్రలో. మండీ పోయింది. కోర్టు ఉన్నచోట దుకాణాలు లేచాయి. ఉన్ని బంతి అడిగితే ఆటవస్తువుల అంగడివాడు స్వెట్టర్ల అంగడి చూపిస్తున్నాడు. నాగభూషణం పోయాడు, శీనప్ప పోయాడు. ఈమధ్య రోడ్డు వెడల్పు చేస్తూ హోటలును కొట్టేశారు, గోడతో సహా. ఆ ముగ్గురి ఫొటోలనూ వాళ్ళ వాళ్ళ ఇండ్లవాళ్ళు ముందే తీసుకుపోయారట. బీరువా జరిపితే వెనక నాలుగోది దొరికింది. దాన్నే శీనప్ప మనవడు మా ఇంటికి తెచ్చిచ్చాడు.

మంచి పిల్లవాడు. తెచ్చే ముందు దుమ్ము తుడిచి, తాత అలవాటు ప్రకారం అద్దం మీద బొట్టు పెట్టి, నాలుగు కనకాంబరాలు వేసి, సెల్‌ఫోనులో ఫొటో తీసి, మూడూళ్ళ పాత ఆటగాళ్ళూ వాళ్ళ పిల్లలూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కింద రెండు దండాల బొమ్మలు. అంతే. పొద్దుపోయేసరికి నాయన ఫోను ఆగకుండా మోగింది. ఓం శాంతి. ఓం శాంతి. గొప్ప ఆటగాడు. ఇక అలాంటి కట్ చూడలేం. తీరని లోటు. నాగభూషణం కొడుకు రాశాడు, మా నాన్న చివరిదాకా ఆ చీర చూపించి ఈయన గురించే చెప్పేవారని.

"నాయనా, ఇట్లివ్వు, బతికే ఉండారని పెడతాను," అంటూ ఫోను లాక్కోబోయాను.

"సుమ్నుండు మే," అన్నాడు నాయన, వేలితో తెరను పైకి నెడుతూ. "ఇంగా వస్తాండాయి. చూడు, మూడూళ్ళోళ్ళూ రాసినారు. ఒక్కడన్నా గ్లాసు బోర్లిచ్చినాడా?"

అప్పుడే గోవిందప్ప మామ గొంతు వచ్చింది గ్రూపులోకి, రికార్డు చేసి పెట్టిన మాట. రోజూ పొద్దున నాయనతో ఫోనులో మాట్లాడే మనిషి. "పోయినోళ్ళ గురించి చెడ్డ చెప్పగూడదప్పా. గానీ ఈ మనిషి పుట్టి బుద్ధెరిగి ఒక్కనాడు పరిగెత్తలేదు. నేను ఒప్పుకోను."

నాకు ఆ పాత కాఫీ చార కళ్ళ ముందు పాకింది. ఫ్రేము తీసుకెళ్ళి, మా బీరువా వెనక, ముఖం గోడకు తిప్పి పెట్టి వచ్చాను. వచ్చేసరికి మామే ఫోను చేశాడు. నాయన స్పీకరు నొక్కాడు.

"ఏం బావా, పోయినావంట? ఒక మాటన్నా చెప్పకపోతివే!"

"నాకే ఇప్పుడు తెలిసింది బావా."

"సరే గానీ, మన జట్టు పాతోళ్ళలో మనిద్దరమే మిగిలిండాము. మళ్ళొచ్చే బాల్ ఎవురిదప్పా?"

నాయన తల పైకెత్తాడు. ఫ్యాను వైపు చూశాడు. కోర్టు అవతలి గట్టుదాకా వినిపించే ఆ పాత గొంతుతో, "నీదే!" అని అరిచాడు.

కూర్చున్న కుర్చీలోంచి మాత్రం కదల్లేదు.